మెత్తగా తిప్పిన పిమెంటో చీజ్

రిటైర్మెంటుకు ఏడాది ముందు, చలి ఇంకా వదలని మార్చి నెలలో, కెనడాలోని విన్నిపెగ్‌లో నేను పనిచేసే డెయిరీ ప్లాంటు నాకు చివరి అసైన్‌మెంటు ఇచ్చింది. అప్పటికి నేను సీనియర్ ప్రొడక్ట్ టెక్నాలజిస్టుని. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో బ్రెడ్డుకు రాసుకునే పిమెంటో చీజ్‌ని మేం తయారుచేయాలి. చెడర్ చీజ్, మయొనీజ్, పిమెంటో అనే కారం లేని ఎర్ర మిరపకాయ, అంతే సరుకు. నేను దాని పేరైనా వినలేదు.

రుచి చూసి సరే అనాల్సింది డొరతీ గారు. ప్యాకింగ్ సూపర్‌వైజరు, పుట్టి పెరిగింది ఆ దక్షిణాది రాష్ట్రాల్లో ఒకటైన జార్జియాలో. మూడు ట్రయల్ బ్యాచ్‌లకే అనుమతి. మూడోదీ తప్పితే ప్రాజెక్టు మూసేస్తారు, ముప్పై ఏళ్ల సర్వీసు చివర నా పేరు మీద ఒక ఫెయిల్యూర్ రిపోర్టు మిగులుతుంది. నాకు ఆ భయం బాగానే ఉండేది.

మొదటి బ్యాచ్‌కి, తురిమి ప్యాకెట్లలో వచ్చే చీజ్ వాడాను. అంటుకోకుండా దానికి స్టార్చ్ పొడి అద్దుతారు. అందువల్ల స్ప్రెడ్ పిండిపిండిగా వచ్చింది. రెండోసారి చీజ్ దిమ్మలే తురిమించి, హైస్పీడ్ మిక్సర్‌లో వెన్నలా అయ్యేదాకా తిప్పి మురిసిపోయాను. డొరతీ గారు ఒక చెంచా తిని, పళ్ళు రాని పిల్లలకు పెట్టొచ్చన్నారు. నాకు ఒళ్ళు మండింది.

ట్రయల్ శాంపిల్ గేటు దాటకూడదన్నది రూలు. అయినా ఆ శుక్రవారం ఒక డబ్బా ఇంటికి తెచ్చాను. మా ఆవిడ సుశీల రుచి చూసి నవ్వింది.

"దోసకాయ పచ్చడి మిక్సీలో కాస్త మెత్తబడితే కంచం ముందు రాద్ధాంతం చేస్తారు కదండీ! మరి ఆఫీసులో మీరు చేసిందేంటి?"

నిజమే. కచ్చాపచ్చాగా ఉండాలని ఇన్నేళ్లూ గోల పెట్టింది నేనే. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను ఇంట్లో ఓడిపోయి, ఆ ఓటమినే సోమవారం ప్లాంటుకు పట్టుకెళ్లాను.

సగం చీజ్ సన్నగా, సగం ముతకగా తురిమించాను. మిరపకాయ ముక్కల నీరు పూర్తిగా వడకట్టాను. మిక్సర్‌ని తక్కువ స్పీడులో తిప్పి, ముక్క ఇంకా పంటికి తగులుతుండగానే ఆపించాను. డొరతీ గారు ఒక బిస్కెట్ మీద రాసుకుని తిన్నారు, ఇంకోదాని మీద రాసుకున్నారు, ఫారం మీద సంతకం పెట్టి, మిగిలిన డబ్బా తన లంచ్ బ్యాగులో వేసుకున్నారు. రూలు గుర్తు చేయడానికి నాకు నోరు రాలేదు.

బ్యాచ్ షీటులో ఎంతసేపు కలపాలో మాత్రమే రాసేవాళ్ళం. ఎలా ఉన్నప్పుడు ఆపాలో రాసే గడి కూడా నేను చేర్పించాను. ఆ పని నాకు నేర్పింది ఒకటే: ల్యాబ్ కోటు వేసుకున్నవాడు నాలుకను ఇంట్లో వదిలి రాకూడదు.