మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్

పోయిన శుక్రవారం మస్కట్‌లోని బౌషర్‌లో ఒక పెద్ద షాపు అద్దాల వెనక ఆ ఫ్రిజ్జును చూసి నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. గుండ్రటి మూలలు, లేత ఆకుపచ్చ రంగు, కారు తలుపుకుండేలాంటి బరువైన పిడి, అచ్చం ఒకప్పుడు నేను పనిచేసిన మేడం ఇంట్లో ఉన్నదే. పాతకాలపు అమెరికా ఫ్రిజ్జులా కనబడేలా ఇప్పుడు కొత్తగా తయారు చేస్తున్నారట, ఉన్నవాళ్లు ముచ్చటపడి కొంటున్నారట, అమ్మే మలయాళీ ఆయన హిందీలో చెప్పాడు. నేను వంగి దాని వెనక్కి తొంగి చూస్తుంటే, ఏం వెతుకుతున్నారు చాచా అని నవ్వాడు. ముప్పై నాలుగేళ్ల కిందటి ఇనుప డబ్బా కోసం వెతుకుతున్నానని ఆయనకెలా చెప్పేది? ఏమీ లేదని బయటికొచ్చి, రుసైల్‌లో నేను వంట చేసే కంపెనీ మెస్సుకు బస్సెక్కాను.

నలభై ఏళ్ల కిందట నాతోపాటు గల్ఫ్‌కు వచ్చినవాళ్లకు ఈ కథ కొత్త కాదు. నేనూ సైట్ మీద సిమెంటు మోయడానికే వచ్చాను గానీ, వంట కాస్త వచ్చని తెలిసి మస్కట్‌లో ఒక అమెరికా ఇంజినీరు ఇంట్లో పెట్టారు. ఇద్దరు మనుషులకు రెండు కార్లు, నాలుగు ఏసీలు, ఒక మిషన్ బట్టలుతికితే ఇంకోటి ఆరబెట్టేది. దొరల ఇంట్లో పని దొరికిందని మా ఆమెకు ఉత్తరం రాశాను. ఇంజినీరు భార్యే మా మేడం, ఆమె మాత్రం ఎప్పుడు మాటొచ్చినా మేము మామూలు మిడిల్ క్లాస్ వాళ్లమే అనేది. నేను గిన్నెలు కడుగుతూ లోపల నవ్వుకునేవాణ్ణి. మా ఊళ్లో మిడిల్ క్లాస్ అంటే బడి పంతులు, ఆయన ఆస్తి ఒక సైకిలు, ఒక గోడ గడియారం, ఇస్త్రీ చొక్కా.

ఆ ఆకుపచ్చ ఫ్రిజ్జు మేడం వాళ్లమ్మది. పెద్ద యుద్ధం అయిపోయాక వాళ్ల నాన్న మిలటరీ నుంచి వచ్చి కార్ల ఫ్యాక్టరీలో నట్లు బిగించే పనికి కుదిరాడట, నాలుగేళ్లలో సొంతిల్లు, కారు, ఆపైన ఈ ఫ్రిజ్జు, అది ఇంటికొచ్చిన రోజు వీధంతా చూడ్డానికి వచ్చారట. మేడం ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు, నేను ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే విన్నాను. నట్లు బిగించేవాడంటే కూలీయే కదా, మాలాగా చేతుల మీద బతికేవాడే. మా ఊళ్లో ఫ్రిజ్జు దొర గడిలోనే ఉండేది. చిన్నప్పుడు నాకు జ్వరం వస్తే ఐసు ముక్క అడగడానికి మా నాయన ఆ గడి ముందు చాలాసేపు నిలబడి, ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. ఆ సంగతి మేడంకు ఎప్పుడూ చెప్పలేదు, చెప్పడానికి సిగ్గేసింది.

ఆరేళ్లయ్యాక వాళ్లు తమ దేశం పోతూ ఆ ఫ్రిజ్జును నాకిచ్చేశారు. ఇక గల్ఫ్‌కు రాకూడదని, ఊరి బస్‌స్టేజీ దగ్గర కూల్‌డ్రింకుల దుకాణం పెట్టుకుని పెళ్లాంబిడ్డతో ఉండిపోవాలని అప్పుడే తీర్మానించుకున్నాను. ఫ్రిజ్జు వెనక నేల మీద ఒక బరువైన ఇనుప డబ్బా ఉండేది, కరెంటు దానిలోంచే ఫ్రిజ్జుకు పోయేది. ఆరేళ్లు దాని చుట్టూ తుడిచాను గానీ అదేమిటని ఏనాడూ అడగలేదు. విమానానికి బయల్దేరుతూ మేడం, ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఇది నడవదు సుమా అని నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. మన ఊళ్లలో ట్రాన్స్‌ఫార్మర్ అంటే ఊరంతటికీ కరెంటిచ్చే, స్తంభాల మీద కూర్చున్న పెద్దదే కదా! ఉంది మేడం, మా ఇంటి పక్కనే ఉంది, కొత్తది అని నేను ఛాతీ విరుచుకుని వచ్చీరాని ఇంగ్లిష్‌లో జవాబిచ్చాను. ఆమె సంతోషంగా నా భుజం తట్టి కారెక్కింది. ఓడ సామానులో ఉత్త బరువెందుకని ఇనుప డబ్బాను ఆ ఇంట్లోనే వదిలేశాను.

ఫ్రిజ్జు బొంబాయి మీదుగా లారీలో మా ఊరు చేరిన రోజు మా వాడంతా వచ్చింది. మా ఆమె దానికి బొట్టు పెట్టి, పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టింది, ఇక మా ఆయన ఎక్కడికీ పోడని అప్పటికే అందరికీ చెప్పుకుంది. నేను ప్లగ్గు పెట్టాను. గుర్రుమని ఒక మోత, కాలిన వాసన, వెనక నుంచి పొగ, అంతే. పట్నం నుంచి వచ్చిన మెకానిక్ చూసి, అమెరికా సామాను మన కరెంటులో సగానికే పనిచేస్తుందనీ, ఆ సగం చేసిచ్చే డబ్బానే ట్రాన్స్‌ఫార్మర్ అంటారనీ, మాడిన మోటారు ఈ దేశంలో దొరకదనీ చెప్పాడు. అందరూ ఒక్కొక్కరే వెళ్లిపోయారు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా. ఇంకో ఫ్రిజ్జుకు డబ్బు కూడబెట్టి వస్తా, రెండేళ్లే అని మళ్లీ వీసా తీసుకుంటే, మా ఆమె మామిడికాయ తొక్కు కట్టిచ్చింది.

ఆ రెండేళ్లే ముప్పై నాలుగేళ్లయ్యాయి. సెలవులకు పోవడం, రావడం, బిడ్డ పెళ్లికి ఒక నెల ఉండటం, అంతకుమించి ఆ ఇంట్లో నేను ఉన్నది లేదు. ఇప్పుడు మా ఊళ్లో కూలికి పోయేవాళ్ల ఇళ్లలోనూ ఫ్రిజ్జులున్నాయి, వాటిని చూడ్డానికి ఎవరూ రారు, బొట్టూ పెట్టరు. బస్‌స్టేజీ దగ్గర కూల్‌డ్రింకుల దుకాణం వేరేవాళ్లు పెట్టుకుని బాగానే నడుపుకుంటున్నారు. దేనికోసమైతే ఇంత దూరం పరిగెత్తానో అది నేను లేకుండానే మా వీధికి నడిచొచ్చింది, నా ఒంట్లో మాత్రం ఓపిక అయిపోయింది.

వచ్చే నెల మొత్తానికే ఊరికి పోతున్నాను. ఆ శుక్రవారం మా ఆమెకు ఫోన్ చేసి, మంచి ఫ్రిజ్జొకటి చూశాను, పంపనా అంటే, “మళ్ల ఫ్రిజ్జా? నాకేం వద్దు. నువ్వు రా, సాలు” అంది. కాలిపోయిన ఆ పాతదాన్ని ఆమె ఇంకా పారెయ్యలేదు. అందులో చీరలు పెట్టుకుంటుంది, దసరాకు బొట్టు పెడుతుంది. నేను వస్తున్నా కదా, ఇకనన్నా దాన్ని తీసెయ్యమన్నాను. “నీ పేరు మీద ఇంట్ల అదొక్కటే ఉన్నది, దాన్నెట్ల తీస్త?” అంది. మా ఇంట్లో నేనుండాల్సిన చోట ఇన్నేళ్లూ అదే నిలబడి ఉంది. ఇప్పుడు పోయి నేనెక్కడ నిలబడాలో నాకు తెలియడం లేదు.