స్టూలెక్కి చూపించిన ఎత్తు

మొన్న మంగళవారం ఉదయం గుడివాడలో మా ఇంటి వరండాలో కాఫీ తాగుతూ ఉండగా, ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకుని ఇప్పుడు నా కుర్చీలోనే కూర్చున్న అమ్మాయి నా ఫోనుకి ఒక ఫొటో పంపింది. దివిసీమలో సముద్రానికి దగ్గర్లో ఉన్న ఒక ఊరి ప్రార్థన మందిరం అది. నేను మా బందరు ఆఫీసులో డిజైన్ డైరెక్టర్నయ్యాక నా సంతకంతో వెళ్ళిన మొదటి ప్లాను దానిదే. స్తంభాల మీద నిలబడి కింద అంతా ఖాళీగా ఉండవలసిన ఆ మందిరానికి కింద గోడలు లేచాయి, అద్దాల తలుపులు వచ్చాయి, లోపల చిన్నపిల్లల బడి బల్లలు కనిపిస్తున్నాయి. కింద బడికి ప్లాను నాదే, ఎలా ఉంది మేడమ్ అని రాసింది.

డిజైన్ డైరెక్టర్ అంటే బొమ్మలు గీసే పెద్ద ఉద్యోగమని మా చుట్టాలు ఇప్పటికీ అనుకుంటారు కానీ, ఆ పదహారేళ్ళలో నేను గీసింది తక్కువ. గీసేది పిల్లలు, కాదనవలసింది నేను. మెట్టు ఎత్తు అంగుళం తేడా వచ్చినా ప్లాను తిప్పి పంపేదాన్ని, వెనకాల నన్ను టేపు మేడమ్ అనేవాళ్ళని నాకు తెలుసు. ఆఫీసు పెట్టిన పెద్దాయన ఆ కుర్చీ అప్పగిస్తూ ఒక్క కట్టుబాటు చెప్పారు. సముద్రం వైపు ఎక్కడ కట్టినా ముందు ఆ ఊరు వెళ్ళి ఉప్పెనలో నీళ్ళు ఎంత ఎత్తు వచ్చాయో మనుషుల్ని అడగాలి. అడుగుల్లో ఎవరూ చెప్పరు, గోడ పక్కన నిలబడి చేత్తో చూపిస్తారు. అన్నిటికంటే ఎత్తున ఆగిన చేతికి పైన ఇంకో రెండు మూరలు వేసి, అక్కడ నేల మొదలుపెట్టాలి.

ఆ ఊళ్ళో అడిగితే పాస్టరుగారి తల్లి చెయ్యెత్తింది, చాలలేదు. స్టూలు తెప్పించుకుని ఎక్కి, గోడ మీద అరచెయ్యి ఆనించి, "ఇదుగో, ఇక్కడికమ్మా. మా తమ్ముడు చెయ్యి జారిపోయింది ఇక్కడే" అంది. నేను టేపు పట్టుకుని కొలిచాను గానీ ఆవిడ ముఖంలోకి చూడలేకపోయాను.

ప్లాను చూసి కమిటీ పెద్ద నవ్వాడు. "ఇదేంటండీ మేడమ్ గారూ, ముసలోళ్ళు మేడెక్కి ప్రార్థన చేస్తే దేవుడికి తొందరగా వినపడుద్దా?"

ఎక్కడానికి ఏటవాలు దారి వేసిస్తాను గానీ నేల మాత్రం అంగుళం కూడా దించనన్నాను. మాట పెరిగేదే, ఆ తల్లే అడ్డుకుంది. "ఎక్కలేనోళ్ళని మోసుకెళ్ళండ్రా. ఆ రోజు మోసుకెళ్దామంటే మేడే లేదు."

ఫొటో చూసిన వెంటనే అమ్మాయికి ఫోన్ చేసి, ఊరు వెళ్ళావా అని అడిగాను.

"వెళ్ళానండి. మీరు నేర్పినట్టే అందర్నీ గోడ పక్కన నిలబెట్టి అడిగాను. అందరూ మోకాలే చూపించారు మేడమ్. దానిపైన రెండు మూరలు వేసే నేల లేపాను."

మరి అప్పట్లో మనం కింద ఖాళీ ఎందుకు వదిలామని ఊళ్ళోవాళ్ళు చెప్పారని అడిగితే, "పెళ్ళి భోజనాలకన్నారండి" అంది.

ఏమని కోప్పడను? నేను నేర్పిందాంట్లో ఒక్క పొల్లు కూడా వదల్లేదు. స్టూలెక్కవలసిన వాళ్ళంతా పోయారు. మిగిలినవాళ్ళు తాము చూసిన వాననీళ్ళు చూపించారు. మరునాడే కారు మాట్లాడుకుని పామర్రు, చల్లపల్లి మీదుగా ఆ ఊరు వెళ్ళాను. ఏటవాలు దారి పడగొట్టి అక్కడ పిల్లల చెప్పుల అరలు పెట్టారు. స్తంభాల మధ్యనుంచి పోవలసిన నీళ్ళని ఇక ఆ గోడలు పట్టుకుంటాయని, పిల్లల్ని పైకి మార్చి గోడలు తీయించమని ఇప్పటి పాస్టరుగారికి చెప్పాను. ఆ తల్లికి మనవడాయన. మర్యాదగా కొబ్బరినీళ్ళిచ్చి, కమిటీలో మాట్లాడతామన్నారు. ఆ మాటకి అర్థం నాకు తెలుసు, నేనూ ఎన్నో కమిటీలు చూశాను.

చివరికి తరగతిలోంచి స్టూలు తెప్పించుకుని ఎక్కాను. గోడ మీద అరచెయ్యి ఆనించి, ఇక్కడిదాకా అన్నాను. పిల్లలు తలెత్తి చూశారు. పాస్టరుగారు గబగబా వచ్చి స్టూలు పట్టుకున్నారు. "పడతారండీ మామ్మగారూ, దిగండి. మీరు చూశారా ఏంటి?"

చూడలేదు. ఆ రోజు నేను ఆ ఊళ్ళో లేను. చూసినవాళ్ళు చెబితే కొలిచినదాన్ని మాత్రమే. ఆయన చెయ్యి పట్టుకుని దిగాను.

మా కాలంలో ఒక ఊరికి వెళ్ళి అడిగితే ఊరే జవాబు చెప్పేది, దాని మీద ఇల్లు నిలబెట్టవచ్చుననుకునేవాళ్ళం. ఇప్పుడు ప్లాన్లు అందంగా వస్తున్నాయి, కొలతలు నా రోజులకంటే సరిగ్గా ఉంటున్నాయి, అడిగే పిల్లలూ ఉన్నారు. తిరిగి వస్తుంటే పామర్రులో సన్నగా జల్లు మొదలైంది. చేతికి అంటిన కొత్త సున్నం ఇంటికొచ్చేదాకా కడుక్కోలేదు.