బోర్లించిన రొట్టె

కజకిస్తాన్‌లోని అల్మాటీ సంతవీధిలో పాతిగుల్ రొట్టెల కొట్టు తెరవగానే లమారా గోడవార బల్లమీద ల్యాప్‌టాప్ తెరిచి పెడుతుంది. అందులో చేసే పనేమీ లేదు. ఆమెచేత దూరం నుంచే పని చేయించుకున్న విదేశీ కంపెనీ మూడు నెలల కిందటే పొమ్మంది. వీసా మాత్రం ఇంకా ఆ పని పేరుమీదే ఉంది. ఇక్కడ ఎవరి దగ్గరైనా పనిచేస్తూ దొరికితే దేశం దాటించేస్తారు. జార్జియాలో ఉన్న ఒక్క ఇల్లూ అమ్ముకుని వచ్చింది. వీసాని తన కొట్టులో ఉద్యోగానికి మార్చమని పాతిగుల్ పెట్టిన అర్జీకి ఉలుకూ పలుకూ లేదు. అంతదాకా కడుపు ఊరుకోదు కదా. లమారా లోపలి తందూరులోకి భుజందాకా చెయ్యి పెట్టి రొట్టెలు అతికిస్తుంది; వీధిలో అధికారుల టోపీ కనబడితే పిండి చేతులు తుడుచుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. సెగకి కుడిచేతిమీద వెంట్రుక ఒక్కటీ మిగల్లేదు. ఎంత ఎండైనా చొక్కా చేతులు దించుకునే ఉంటుంది.

నిన్న మధ్యాహ్నం తనిఖీ అధికారి వచ్చి ఆమె ఎదురుగానే కూర్చున్నాడు.

“ఏం పనమ్మా, రోజంతా?”

“బయటి కంపెనీకి అనువాదాలు చేస్తానండీ.”

“చెయ్యి, చెయ్యి,” అంటూ రొట్టె ఓ ముక్క తుంచుకుని, మిగిలింది బల్లమీద బోర్లా పడేశాడు. కదలొద్దని పాతిగుల్ కళ్లతోనే బతిమాలింది. కానీ ఆ కొట్టులో రొట్టెని బోర్లా ఉండనివ్వరు. లమారా చెయ్యి తనంతట తానే వెళ్లి దాన్ని వెల్లకిలా తిప్పింది. చొక్కా చెయ్యి పైకి జరిగి, సెగకి నున్నబడ్డ ముంజేయి బయటపడింది.

“పరదేశి గిరాకీకి రొట్టె ఎటు పడితే ఏంటక్కా?” అని పాతిగుల్‌ని అడుగుతూ అతను కలం తీశాడు.

లోపల్నుంచి మాడు వాసన వచ్చింది. లమారా చొక్కా చేతులు రెండూ పైకి మడుచుకుని లేచింది.

“మీరు రాస్తూ ఉండండి. అవి తీసొస్తాను, మాడిపోతున్నాయి.”