ముందే పెట్టించుకున్న సంతకాలు

గిలకలదిండిలో ఒక ముసలమ్మ పుండు ముదిరి చనిపోయిందనీ, కోడలు పట్టించుకోకపోవడమే అందుకు కారణమనీ బందరులో కొందరు ఇప్పటికీ అంటారు. ఆ కోడలు ఏ తప్పూ చేయలేదు. ఆ ఇంటికి రోజూ వెళ్ళి కట్టు మార్చవలసినవాణ్ణి నేను. ఆ సంగతి చెప్పవలసిన రోజున చెప్పలేదు.

తొంభైల చివర్లో నేను బందరులో ఒక నర్సింగ్ హోమ్ తరఫున ఇళ్ళకు వెళ్ళే నర్సుని. మగవాడు నర్సేమిటని జనం నన్ను కాంపౌండరు అనేవారు. మంచం పట్టినవాళ్ళకు కట్లు మార్చడం, ఇంజెక్షన్లు చేయడం, మూత్రం పైపు చూసుకోవడం నా పని. గంటల లెక్కన డబ్బిచ్చేవారు. ఎన్నింటికి వచ్చానో, ఎన్నింటికి వెళ్ళానో ఒక పుస్తకంలో రాసి ఆ ఇంటివాళ్ళ చేత సంతకం పెట్టించాలి.

గంటల కూలి నాకు నామోషీగా ఉండేది. మా బావమరిది ఎప్పుడొచ్చినా అదే ఎత్తేవాడు.

"బావా, నువ్వూ సెంటర్లో అద్దె సైకిలూ ఒకటే. గంటకింత. కాకపోతే దానికి గాలి కొట్టాలి, నీకు మా అక్క కాఫీ పొయ్యాలి."

అందరితోపాటు నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం ఎలాగైనా నెలజీతం మనిషినవ్వాలని ఉండేది.

గిలకలదిండి ముసలమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. 'ఊ' తప్ప ఇంకేమీ అనలేకపోయేది. కొడుకు మరబోటు మీద వేటకు వెళితే వారం దాకా తిరిగి రాడు. ఇంట్లో ఉండేది కోడలొక్కతే. పడుకుని పడుకుని ముసలమ్మ తుంటి దగ్గర పుండు పడింది. రోజూ కడిగి కట్టు మార్చాలి, రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. ముసలమ్మది భారీ శరీరం, కోడలు బక్కపలచని మనిషి. నేను వెళ్ళగానే ఇద్దరం కలిసి తిప్పేవాళ్ళం. కట్టు మార్చి, కూర్చుని, రెండు గంటలయ్యాక మళ్ళీ ఒకసారి తిప్పి బయల్దేరేవాణ్ణి. మిగతా వేళల్లో ఆ అమ్మాయి దుప్పటి అంచు పట్టుకుని లాగి ఎలాగోలా ఒత్తిగిల్లేలా చేసేది. రెండు నెలల్లో పుండు సగానికి తగ్గింది.

"ఎంత ఓపికండీ అన్నయ్యగారూ మీకు! సొంత కొడుకు కూడా ఇంతసేపు కూర్చోడు" అనేది ఆమె.

నేను కూర్చున్నది గంటల కోసమని ఆమెకు తెలియదు. నిజం చెప్పాలంటే అప్పటికి నాకూ తెలియదు.

ఆ వేసవికి ముందు డాక్టరుగారు నన్ను నెలజీతంలోకి మార్చారు. ఇంట్లో మిఠాయి పంచాను. పుస్తకంలో గంటలు రాసే పని పోయింది, రోజుకొక సంతకం ఉంటే చాలు. చూడవలసిన ఇళ్ళేమీ పెరగలేదు, తొందరగా తెమల్చమని ఎవరూ చెప్పలేదు. అయినా నెల తిరిగేసరికి రెండు గంటలు అరగంటయింది. రెండోసారి తిప్పడం మానేశాను.

ఎండలు ముదిరాయి. ఒక సోమవారం ఆ అమ్మాయితో అన్నాను. "రోజూ ఏం పెడతావమ్మా, ఈ వారానివన్నీ ఒకేసారి పెట్టెయ్."

"తప్పు కాదాండీ?"

"పుస్తకం నాదేగా. తప్పేముంది?"

ఆమె సంతకం పెట్టడం ఆ మధ్యే, వయోజన విద్య బడిలో నేర్చుకుంది. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఆరు వరసల్లో పెట్టింది. ఆఖరిది బాగా కుదిరిందని నాకు చూపించి మురిసిపోయింది.

ఇక వెళ్ళకూడదని నేను ఆ రోజు అనుకోలేదు. సంతకాలున్నాయి కాబట్టి మర్నాడు వెళ్ళలేదు. ఆ వారంలో ఇంకొక్కసారి వెళ్ళాను. పై సోమవారం వెళ్ళి మళ్ళీ ఆరు సంతకాలు పెట్టించుకున్నాను. ఆ వారం ఇక మళ్ళీ వెళ్ళనే లేదు. ఒకరోజు స్నేహితుడి కొత్త షాపు చూడ్డానికి గుడివాడ వెళ్ళాను. మిగతా రోజులు ఏం చేశానో కూడా గుర్తులేదు. అంత పెద్ద పనేమీ లేదు.

శనివారం ఆ అమ్మాయే ముసలమ్మను ఆటోలో నర్సింగ్ హోమ్‌కు తీసుకొచ్చింది. ఒళ్ళు కాలిపోతోంది. కట్టు విప్పితే పుండు ఎముక దాకా దిగిపోయి ఉంది. కబురందుకుని గుడివాడ నుంచి ఆడపడుచు కూడా వచ్చింది.

"ఇన్నాళ్ళూ కట్టు మార్చలేదా?" అని డాక్టరుగారు అడిగారు.

"అన్నయ్యగారు రాలేదండీ" అంది కోడలు.

డాక్టరుగారు పుస్తకం తెప్పించి ఆమె ముందు పెట్టారు. "ఈ సంతకాలు ఎవరివమ్మా?"

"నావేనండీ. కానీ..."

"రోజూ కట్టు కడుతూనే ఉన్నాడు. ఇంట్లో పక్కకు తిప్పకపోతే ఎవరేం చేస్తారు?"

ఆమె నా వంక చూసింది. నేను కత్తెరలు సర్దుకుంటూ నిలబడ్డాను.

"మా అమ్మని బతికుండగానే కుళ్ళబెట్టావు కదే!" అని ఆడపడుచు వార్డులో అందరి ముందూ మీద పడింది. నేనే ఆమెను పక్కకు లాగి, ఊరుకోమ్మా అని సర్దిచెప్పాను. అది తలుచుకుంటేనే నాకు ఎక్కువ సిగ్గేస్తుంది.

పది రోజులకు ముసలమ్మ పోయింది. పెద్దకర్మనాడు కోడలు వండినది ఆడపడుచు ముట్టలేదు. చేపల వేలంపాట దగ్గర ఆడవాళ్ళు ఆ అమ్మాయిని చూసి మాటలు ఆపేసేవారట. ఏడాది తిరక్కుండా మొగుడూ పెళ్ళాం దివిసీమలో ఆమె పుట్టింటి వైపు వెళ్ళిపోయారు.

ఎనిమిదేళ్ళకు, ఆ ఉద్యోగం మానేసి సొంత మందుల షాపు పెట్టుకున్నాక, అడ్రసు కనుక్కుని నాగాయలంక వెళ్ళాను. ఆమె ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను గుర్తుపట్టి కుర్చీ తెచ్చి వేసింది. తప్పు నాదేనని చెప్పాను.

"నాకెందుకు చెప్తారండీ? మీరు రాలేదని నాకు తెలీదా?" అంది. కాసేపు చేపలు తిరగేసి మళ్ళీ అంది. "చెప్తే మా ఆడపడుచుకి చెప్పండి. నా కూతురికి మేనత్త ఇల్లు ఎట్టా ఉంటుందో కూడా తెలీదు."

మర్నాడే గుడివాడ వెళ్ళాను. మార్కెట్ దగ్గర ఆమెకు ఎండుచేపల కొట్టుంది. రెండు వారాల సంగతీ, సంతకాల సంగతీ మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. అడ్డు రాకుండా వింది.

"మా వదిన పంపిందా మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదమ్మా. నాకై నేనే వచ్చాను."

"ఎనిమిదేళ్ళకి నిద్ర లేచారా? పెద్దమనుషులు, ఎవరి కోసమో అబద్ధాలు చెప్పమాకండి" అని బేరానికొచ్చినావిడ వైపు తిరిగింది.

బేరం ముగిసేదాకా నిలబడి మళ్ళీ చెప్పాను. నమ్మలేదు. ఆ రోజు వార్డులో నోరు విప్పితే నా ఉద్యోగం పోయేది, కాబట్టి నమ్మేది. ఇప్పుడు చెప్పినందుకు నాకు పోయేదేమీ లేదని ఆమెకు తెలుసు.