మేమేం నొక్కినం?

ల్యాప్‌టాప్ కంపెనీకి నేను రాసిన ఫిర్యాదులకు ఇప్పటివరకు ఒక్క జవాబూ రాలేదు. జవాబు రాబట్టడం మా వదినకే తెలుసు.

బీడీలు చుట్టి ఆమె కొనిచ్చిన కొత్త ల్యాప్‌టాప్, అప్‌డేట్ కాగానే తెర నల్లబడి ఆగిపోయింది. నా డిగ్రీ ప్రాజెక్టంతా అందులోనే ఉంది. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి వదినా నేనూ తీసుకెళ్తే, రిపేరు షాపతను తెరిచైనా చూడలేదు.

"మీరే ఏందో నొక్కిన్రు" అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు.

ఎక్కడికెళ్లినా బీడీల చాట వెంట తెచ్చుకునే వదిన, షాపు గడప మీదే కూర్చుని చుట్టడం మొదలుపెట్టింది.

"ఇది దుకాణం అక్కా, బీడీల కార్ఖానా కాదు."

"నీ పని నువ్వు చెయ్యి తమ్మీ, నా పని నేను చేసుకుంట."

చాట నిండకముందే అతను అప్‌డేట్ తీసేశాడు. తెర వెలిగింది. వదిన లేవలేదు.

"ఇప్పుడు చెప్పు, మేమేం నొక్కినం?"

"మీరేం నొక్కలే అక్కా, అప్‌డేట్‌దే తప్పు" అన్నాడు. నేను ఆమె మరిదిని, జవాబు వచ్చేదాకా నేనూ లేవను. కంపెనీ వాళ్లు చెప్పాలి, మేమేం నొక్కాం?