ఆడి కాదు, ఔడి

ఇలా దగ్గరకు జరిగి కూర్చోండి, ఫ్యాను చప్పుడులో నా మాట వినపడదు. ఒక్క అక్షరం మా ఇంట్లో రెండు రోజులు అన్నం సయించనివ్వని సంగతి చెబుతాను.

మా ఆయన డ్రైవరు. పాతికేళ్ళు ఒక డాక్టరు గారి దగ్గరే చేశారు. ఆ డాక్టరు గారు పెద్దవారై కారు అమ్మేశాక మా ఆయన మూడు నెలలుగా పని లేక ఇంట్లోనే ఉన్నారు. అమీర్‌పేటలో మేముండే సందు నిండా హాస్టళ్ళు. పిల్లలంతా సంచులు తగిలించుకుని పరుగెడుతుంటే, ఈయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెళ్ళే చోటు లేక గుమ్మంలో కూర్చునేవారు.

అప్పుడు పంజాగుట్టలో వాడిన పెద్ద కార్లు అమ్మే షోరూము నుంచి ఫోను వచ్చింది.

"ఎల్లుండి రమ్మన్నారే. ఆడి కారు నడిపి చూపించాలంట."

"ఎవడి కారండీ?" అన్నాను. మాది గోదావరి వైపు. మా నోట్లో 'వాడి' అన్నది 'ఆడి' అయిపోతుంది.

"ఎవడిదీ కాదే తల్లీ! కారు పేరే ఆడి. జర్మనీ బండి. ముందర నాలుగు సున్నాలుంటాయి."

కింద పోర్షన్‌లో ఉండే మెకానిక్ భాయ్ విన్నాడు. "అన్నా, గట్లంటే నవ్వుతరు. ఔడి అనాలె. మొన్న ఒక డ్రైవర్ ఆడి అన్నడని కస్టమర్ మొఖం మీదనే నవ్విండట. ఆ డ్రైవర్‌ను పనిలకు తీసుకోలే. జర నోరు తిప్పు."

ఇక ఆయనకు ముద్ద దిగితే ఒట్టు. నేను మూడో తరగతితో ఆపేశాను కానీ అక్షరాలు మరిచిపోలేదు.

"ఓ తర్వాత ఔ ఉంది కదండీ. 'ఔను' అంటాం చూడండి, అదే. ఔ... డి."

"అవుడి."

"అవు కాదు, ఔ! పెళ్ళైన దగ్గర్నుంచి నాతో ఒక్కసారి ఔనన్నారా, ఇప్పుడు నోరు తిరగడానికి!"

ఆయన నవ్వలేదు. గోడవైపు తిరిగి మళ్ళీ మొదలుపెట్టారు.

రమ్మన్న రోజు నేనూ వెంట వెళ్ళి, షోరూముకు రోడ్డు అవతల మెట్రో స్తంభం నీడలో నిలబడ్డాను. ఆయన కారు బయటకు తీశారు. పక్కన కొనడానికి వచ్చిన ఒకావిడ, వెనక మేనేజరు. వెళ్ళిన బండి ఎంతకీ రాదు. నోరు జారిందేమో, మధ్యలోనే దింపేశారేమో అని నా చీర కొంగు నలిపి నలిపి ముద్ద చేశాను.

చివరికి వచ్చారు. ముఖమంతా చెమట.

"ఏమైందండీ?"

"ఏం చెప్పనే! వెనక నుంచి మేనేజరు గారే 'ఆడి' అంటారు. పక్కన ఆవిడ 'ఔడి' అంటుంది. ఎటంటే ఎటు కోపమో! ఆవిడ అడిగితే ఔడి అన్నాను, ఆయన అడిగితే ఆడి అన్నాను. దిగాక మేనేజరు గారు పక్కకు పిలిచారు. అయిపోయిందనుకున్నాను."

"చెప్పండీ, నా ప్రాణం పోతోంది."

"'కస్టమర్‌ని దిద్దకుండా, నన్ను చిన్నబుచ్చకుండా భలే నడిపావయ్యా. సోమవారం నుంచి రా' అన్నారే."

నేను ఆ ఫుట్‌పాత్ మీదే కూలబడిపోయాను.

మీ ఇంట్లో పనికని బయలుదేరిన ప్రతి మనిషీ పనితోనే తిరిగి రావాలి. మీ పొయ్యి మీద గిన్నె ఎప్పుడూ నిండుగా ఉడకాలి. చల్లగా ఉండండి.