నా చెవిలో నాదే ఎముక

మొన్న మా మనవరాలు పట్టుబట్టి తీసుకెళ్తే పాలమూరులో ఒక చెవుల డాక్టరు ముందు కూర్చున్నాను. ఇంకా మీసం సరిగ్గా ముదరని పిల్లవాడు. ట్యూనింగ్ ఫోర్కును మోచేతికి తట్టి, అది మోగుతుండగానే కాడను నా ఎడమ చెవి వెనక ఎముకకు ఆనించాడు. ఆ ఇనుము చల్లదనం, తలంతా పాకిన ఆ సన్నని మోత నన్ను అరవై ఏళ్లు వెనక్కి లాక్కెళ్లాయి. చెవి వెనక పాత గీతను వేలితో తడిమి, ఈ ఆపరేషన్ ఎవరు చేశారని ఆ పిల్లవాడు అడిగాడు. యాదగిరి సారు అన్నాను. ఆ పేరు తను ఎప్పుడూ వినలేదట. వినని వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

అరవైల మొదట్లో పాలమూరు స్టేషను దారిలో ఒక చిన్న ధర్మ దవాఖాన ఉండేది. ఇప్పుడు ఆ జాగాలో బట్టల దుకాణాలు వెలిశాయి. నేనక్కడ ఆపరేషన్ థియేటరు నర్సును. మాది హుజూర్‌నగర్ పక్క పల్లె. బాపు కూలికి పోయేవాడు. చర్చి బడి పుణ్యమా అని నర్సు చదువు అబ్బింది, మా ఇంటికి నెల జీతం తెచ్చిన మొదటి మనిషినయ్యాను. అయితే చిన్నప్పటి నుంచి నాకు ఎడమ చెవి కారేది. కర్ణభేరికి చిల్లు పడింది, లోపల శబ్దాన్ని మోసే చిట్టి ఎముకల గొలుసును చీము తినేసింది. దూది కుక్కుకుని, పైన టోపీ లాక్కుని పని చేసేదాన్ని. ఎడమ పక్క నుంచి కత్తెర అడిగితే చిమటా, అదే పట్టకారు, అందించేదాన్ని. దవాఖాన నడిపే కమిటీ పెద్దలు చూసి చూసి ఒకరోజు తేల్చేశారు. చెవి కారే మనిషి థియేటరులో ఉండరాదు, వచ్చే వానలు పడేలోపు బాగు చేయించుకోవాలి, లేకపోతే వేరే దారి చూసుకోవాలి. అందులో తప్పు పట్టడానికి కూడా ఏమీ లేదు, అదే నా ఏడుపు.

మా యాదగిరి సారు నల్లగొండ వైపు మనిషి. ఉర్దూలో డాక్టరీ చదివి, మద్రాసులో చెవి పని నేర్చుకుని వచ్చారు. కోపమొస్తే ఉర్దూ, మనసు మెత్తబడితే తెలుగు. ఆ ఏడు విదేశంలో ఉన్న స్నేహితుడొకాయన ఆయనకు సన్నని ప్లాస్టిక్ గొట్టం చుట్ట పంపాడు. అందులోంచి నూకంత ముక్క కోసి, చెవిలో ఎముక పోయిన చోట నిలబెడితే శబ్దం దాని మీదుగా దాటిపోతుందట. అచ్చంపేట దగ్గరి గొర్రెల కాపరి మల్లయ్యకు మొదట పెట్టారు. కట్టు విప్పిన రోజు దవాఖాన గేటు ముందు నుంచి ఎవరిదో మంద పోతోంది. మల్లయ్య వరండాలో నిలబడి పొట్టేలు గంట ఏదో, మేక గంట ఏదో చూడకుండానే చెప్పి, తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. మేమూ ఏడ్చాం. తర్వాత ఇంకొందరికి పెట్టారు. కమిటీ వాళ్లు పత్రికలో ఫోటో వేయిద్దామన్నారు. నేనైతే ఫోటో మాట వచ్చిన సాయంత్రమే సారును పట్టుకున్నాను.

“సార్, నాకు గూడ గదే పెట్టుండ్రి.”

“పెట్టుడు అల్కటి పనే బిడ్డ. పెట్టినంక ఏమైతదో తెల్వది. ఇప్పటికే తొందరపడి కొందరికి పెట్టిన. ఇగ మల్లయ్య చెవి ఎండకాలం దాటనీ.”

“నాకు గంత టైం లేదు సార్.”

“నీ చెవికి ఉన్నది” అని ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఊళ్లో వాళ్లందరికీ పనికొచ్చిన వస్తువు నా దగ్గరికొచ్చేసరికి పనికిరాకుండా పోయిందా అని కొన్నాళ్లు ఆయనతో ముక్తసరిగానే మాట్లాడాను. ఆయన చూసీచూడనట్టు ఊరుకుని, నా చెవి ఎండటానికి మందు మాత్రం రోజూ తనే వేసేవారు.

రమ్మన్న రోజుకు మల్లయ్య రాలేదు. ఎండలు ముదరకముందే మందలు మేతకు కృష్ణా నది వైపు దిగుతాయి, కాపరి మందను వదిలి ఎక్కడికి వస్తాడు? ఇంకొకరైతే రోగి రాలేదని ఊరుకునేవారు. సారు ఆదివారం బస్సెక్కారు, సామాను సంచి ఇచ్చి నన్నూ ఎక్కించారు. మా వైపు రైతులు ఎరువు కోసం రాత్రిళ్లు తమ చేన్లలో మందలు పెట్టించుకుంటారు. అందుకని బస్సు ఆగిన ప్రతిచోటా ఎవరి చేన్లో మంద పెట్టారు, కాపరి ఎవరు అని అడుక్కుంటూ పోయాం. అంత పెద్ద డాక్టరు పంట్లాము మడిచి, చేన్లోకి దిగి, పెంటికలను చెప్పుతో తిప్పి చూసి, మంద ఎంత దూరం పోయుంటుందో లెక్క కట్టడం చూసి నాకు కోపం మరిచిపోయి నవ్వొచ్చింది.

కృష్ణకు కొంచెం ఇవతల, మధ్యాహ్నం పూట తుమ్మచెట్టు నీడలో మల్లయ్య దొరికాడు. చెవిలో ఆకు పసరు, మెడ దాకా చీము. మమ్మల్ని చూసి గాబరాగా లేచి, సున్నపు డబ్బీ తీసి మూత తెరిచాడు. అందులో ఆ ప్లాస్టిక్ ముక్క ఉంది.

“చీముల బయట పడ్డది సార్. మీ వస్తువు గద అని దాచిన. నేనేమన్న తప్పు జేసిన్నా?”

సారు అతని పక్కన నేల మీదే కూర్చున్నారు. “కాలుల ముల్లిరిగితె ఒళ్లేం జేస్తది మల్లయ్యా? బయటికి తోస్తది. నీ చెవి గదే జేసింది. తప్పు చెవిది గాదు, నీది గాదు. నాది.”

డాక్టర్లు తప్పు నాది అనడం అంతకుముందు నేను వినలేదు, ఆ తర్వాత కూడా అరుదే. అక్కడే చెవి కడిగి, మందు వేసి, వానలకు వెనక్కి రాగానే మళ్లీ చేస్తానని మాటిచ్చారు. తిరిగి రాగానే ఆ గొట్టం పెట్టిన వాళ్లందరినీ ఒక్కొక్కరిగా వెతికించారు. కొందరికి బాగానే ఉంది. ఇద్దరు ముగ్గురికి అప్పటికే తోసుకొస్తోంది. ఫోటో సంగతి మాట్లాడటానికి కమిటీ పెద్దలు కూర్చున్న రోజు సారు ఆ సున్నపు డబ్బీని బల్ల మీద పెట్టారు. “గంట ఇనబడ్డ సంగతి అందరికి చెప్పినం. ఇది బయటికొచ్చిన సంగతి గూడ చెప్పాలె” అన్నారు. ఫోటో మాట అంతటితో పోయింది. గోడ పక్కన నిలబడ్డ నాకు, ఈ మనిషి కింద పని చేస్తున్నానని గర్వమేసింది. ప్లాస్టిక్ చెడ్డదని ఆయన ఎన్నడూ అనలేదు. ఏళ్లు గడవకుండా మంచిదని అనడానికి ఒప్పుకోలేదు, అంతే.

వానలకు ముందే నన్ను బల్ల ఎక్కించారు. మత్తు చెవి చుట్టూరా మాత్రమే, నేను మెలకువగానే ఉన్నాను. చెవి పైన కండ మీది పల్చని పొర తీసి కర్ణభేరికి అతుకు వేశారు. చీము తినగా మిగిలిన నా చిట్టి ఎముకనే బయటికి తీసి, చెక్కి, మళ్లీ లోపల నిలబెట్టారు. గొట్టం పెట్టడం కంటే చాలా ఓపిక పట్టే పని అది. ఉన్నట్టుండి ఎడమ వైపు నుంచి ఖణేల్‌మని ఏదో వినిపించింది.

“ఏమన్న ఇనబడ్డదా మార్తా?”

“చిమటా సార్. ట్రేల ఏసిన్రు.”

“ఇగ కత్తెర అడిగితె కత్తెరే ఇస్తవన్నట్టు” అన్నారు. థియేటరంతా నవ్వు. నేను కదలకూడదు కాబట్టి కళ్లతోనే ఏడ్చాను. తొలి వానకు చెవి పూర్తిగా ఆరిపోయింది, కమిటీ వాళ్లు మళ్లీ ఆ మాట ఎత్తలేదు. మల్లయ్యకు కూడా అలాగే చేశారు. అతనికి మునుపటంత కాకపోయినా తన పొట్టేలు గంట తెలిసేది, ఏటా ఒకసారి వచ్చి చెవి చూపించుకుని పోయేవాడు.

మొన్నటి పిల్ల డాక్టరు నా ఎడమ చెవి చూసి మెచ్చుకుని, లోపల ఏం పెట్టారో తెలుసా అని అడిగాడు. “ఏం పెట్టలే బిడ్డ. నాదే నాకు పెట్టిండు” అన్నాను. అయితే కుడి చెవి ఇప్పుడు మొరాయిస్తోంది. దానికి కొత్తరకం వస్తువు వచ్చిందని, చాలా బాగుందని, మెరిసే ప్యాకెట్ ఒకటి తీసి నా ముందు పెట్టాడు. ముద్దుగానే ఉంది.

“ఇది పెట్టించుకున్నోళ్లను మళ్ల ఎన్నేండ్లకు చూసినవ్ బిడ్డ? రానోళ్లను వెతుక్కుంట పోయినవా?”

మనవరాలు నా చెయ్యి గిల్లింది. ఆ పిల్లవాడు మాత్రం నొచ్చుకోలేదు. ప్యాకెట్ పక్కకు జరిపి, కుర్చీ దగ్గరగా లాక్కుని, తను మొట్టమొదట పెట్టిన మనిషి దగ్గర మొదలుపెట్టి చెప్పసాగాడు. నేను ఎడమ చెవి అటు తిప్పి విన్నాను.